తప్పుడు రికార్డుపై వేరుగా కేసు పెట్టాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద ‘దిశ’ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో మరణించిన ఉదంతంపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చి, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక 2022 మేలో వెలుగు చూసింది. దానిపై చర్యలకు 2024లో తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చింది. కాల్పులు జరిగిన నాడు అక్కడికక్కడే పోలీసులపై పూలు చల్లిన మనకు ఈ జాప్యం పెద్దగా పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తుపాకీ పేల్చని వారిని కూడా హత్యకేసులో చేర్చమనడం అన్యాయమని కొందరు వాదిస్తున్నారు. ఉమ్మడి ఉద్దేశంతో జరిగిన నేరానికి పాల్గొన్న ప్రతి ఒక్కరూ బాధ్యులేనని భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 34వ సెక్షన్ చెబుతుంది. పల్లెల్లో కొట్లాట కేసుల్లో పోలీసులే దీన్ని ధారాళంగా వాడుతుంటారు. కష్టం వేరేచోట ఉంది. చుట్టూ పోలీసులు తప్ప మరో సాక్షి లేనిచోట ఉద్దేశాన్ని నిరూపించడం కష్టం. సాక్ష్యాలను మాయం చేశారన్న 201వ సెక్షన్ నిలవాలన్నా ముందు అసలు నేరం జరిగిందని రుజువు కావాలి. ఎవరినైనా శిక్ష నుంచి తప్పించే ఉద్దేశంతో ప్రభుత్వోద్యోగి తప్పుడు రికార్డు సృష్టిస్తే మూడేళ్ల వరకు జైలు విధించే 218వ సెక్షన్, అంటే ఐపీసీ స్థానంలో వచ్చిన నేటి భారతీయ న్యాయ సంహితలోని 256, అలా మరో నేరం రుజువుపై ఆధారపడదు. స్టేషన్ జనరల్ డైరీ (రోజువారీ నమోదు పుస్తకం), ఆయుధాల రిజిస్టరు, వాహనం లాగ్‌బుక్, పంచనామా ఒకదానితో ఒకటి పొసగకపోతే కాగితాలే సాక్ష్యం చెబుతాయి. ఈ అభియోగం చిన్నదే కావచ్చు, కానీ నిలబడే అవకాశం దీనికే ఎక్కువ.

అయితే ఆ కాగితాలు చెదరకుండా ఉండాలి. 2020లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం స్టేషన్‌లో తండ్రీకొడుకులను హింసించి చంపారన్న కేసులో, సీసీ కెమెరా దృశ్యాలు ఏ రోజుకారోజు చెరిగిపోయేలా అమర్చి ఉన్నాయని విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు గుర్తించారు; మద్రాసు హైకోర్టు స్టేషన్‌నే రెవెన్యూ అధికారుల అధీనంలో ఉంచింది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిచోటా అదే రోజు రికార్డులన్నీ మేజిస్ట్రేటు స్వాధీనంలోకి వెళ్లే ఏర్పాటు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉండాలి. సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం: పోలీసులపై హత్యాయత్నం చేశారంటూ చనిపోయినవారి మీదే ఎఫ్‌ఐఆర్ పెడతారు, నిందితులు బతికి లేరు గనుక కేసు మూసేస్తారు. సీఐడీ లేదా మరో స్టేషన్ బృందం దర్యాప్తు చేయాలని 2014లో సుప్రీంకోర్టు నిర్దేశించినా, వారూ అదే శాఖ వారే కదా.

ఇక ప్రాసిక్యూషన్‌కు, అంటే అధికారులను కోర్టులో విచారించడానికి, ప్రభుత్వ అనుమతి. అది అవసరమైన అధికారుల విషయంలో 120 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్లే భావించాలని నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 218వ సెక్షన్ అంటోంది. కానీ అభ్యర్థన ప్రభుత్వానికి చేరిన తర్వాతే ఆ గడువు మొదలవుతుంది. దర్యాప్తు అధికారి దాన్ని ఎన్ని రోజుల్లో పంపాలో, పంపకపోతే జవాబుదారీ ఎవరో ప్రభుత్వాలు ఉత్తర్వుల ద్వారా ఖరారు చేయాలి.

— ఒక విశ్రాంత న్యాయవాది, మహబూబ్‌నగర్