జీతం వచ్చాకే చదువు అప్పు వాయిదా అడగండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

2009లో మాంద్యం దెబ్బకు నా ఉద్యోగం పోయింది. చేరి అప్పటికి పద్నాలుగు నెలలు. "కంపెనీ పరిస్థితి మీకు తెలుసు కదా" అన్న ఒక్క మాటతో పంపించేశారు. మూడు నెలలు తిరిగాను. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా నాకంటే ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లు నాకంటే ముందు కూర్చుని ఉండేవారు. అప్పుడే పీజీ చేయాలని నిర్ణయించుకున్నాను. నేను వేసుకున్న లెక్క చాలా చిన్నది. చేతిలో ఉద్యోగం ఉండగా చదువుకు వెళ్తే రెండేళ్ల జీతం పోతుంది. ఉద్యోగమే లేనప్పుడు పోయేదేముంది? నేను బయటికి వచ్చేసరికి మార్కెట్ కోలుకుంటుంది అనుకున్నాను.

ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. నేను మరిచిపోయింది చదువు కోసం తీసుకున్న అప్పు సంగతి.

చదువు పూర్తయిన ఆరు నెలలకు మొదటి ఈఎంఐ కట్టాలి. ఉద్యోగం రాలేదు, వాయిదా మాత్రం చెప్పిన రోజుకి వచ్చేసింది. హామీ సంతకం మా నాన్నది కాబట్టి ఫోన్లన్నీ ఆయనకే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ మోగగానే పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని మాట్లాడేవారు. ఆ తలుపు చప్పుడు భరించలేక దొరికిన మొదటి పనిలో చేరిపోయాను. చదివింది స్టాటిస్టిక్స్, చేసింది డేటా ఎంట్రీ. నాలుగేళ్లు అందులోనే గడిచిపోయాయి.

ఇప్పుడు నేను డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. మళ్లీ మాంద్యం రోజులు. క్లాసు అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆగి, "మేడమ్, పీజీలో చేరమంటారా?" అని అడుగుతున్నారు. చేరమనే చెప్పాలని ఉంటుంది. కానీ నోరు రావడం లేదు. అందుకే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

అయ్యా, నేను అడిగేది ముఖ్యంగా ఒక్కటే. చదువు అప్పు తీర్చడం మొదలుపెట్టే రోజును కోర్సు ముగిసిన తేదీతో ముడిపెట్టకండి, జీతంతో ముడిపెట్టండి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఆస్ట్రేలియా 1989లోనే ఈ పద్ధతి తెచ్చింది. ఆర్థికవేత్త బ్రూస్ చాప్‌మన్ దానికి రూపం ఇచ్చారు. అక్కడ విద్యార్థి ఆదాయం ఒక పరిమితి దాటితేనే అప్పు వసూలు మొదలవుతుంది. అదీ ఆదాయపు పన్నుతో పాటే వసూలవుతుంది. సంపాదన ఆ పరిమితి కంటే కిందికి పడిపోతే వసూలు కూడా ఆగిపోతుంది. ఇంటికి ఫోన్లు చేసే పని ఎవరికీ ఉండదు. ఆ తర్వాత బ్రిటన్ కూడా 1998లో ఆదాయాన్ని బట్టి తీర్చే అప్పులకు మారింది. దీనివల్ల ఖజానాకు డబ్బు ఆలస్యంగా వస్తుంది, కొంత అసలు రాకపోవచ్చు. నేను కాదనను. కానీ జీతమే లేని మనిషి నుంచి గడువు ప్రకారం రావలసిన డబ్బు ఎలాగూ రాదు. ఆ మనిషి భయంతో తన చదువుకు సంబంధం లేని పనిలో ఇరుక్కుపోతే, రేపు కట్టగలిగే పన్ను కూడా తగ్గిపోతుంది.

ఈ ఇరుక్కుపోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. "మార్కెట్ బాగుపడితే వాళ్లే మంచి ఉద్యోగాల్లోకి వెళ్తారు" అంటారు. జపాన్‌లో 1990ల మొదట్లో ఆస్తుల ధరలు కుప్పకూలిన తర్వాత కాలేజీల నుంచి బయటికొచ్చిన తరాన్ని అక్కడ "ఉద్యోగాల మంచుయుగం" తరం అంటారు. మార్కెట్ తేరుకున్నాక కంపెనీలు ఆ ఏడాది పాసైన పిల్లలనే తీసుకున్నాయి. వెనకపడిన వాళ్లలో ఎంతోమంది తాత్కాలిక పనుల్లోనే మిగిలిపోయారు. వాళ్ల కోసం ప్రత్యేక పథకం అంటూ 2019లో ప్రభుత్వం ముందుకొచ్చేసరికి వాళ్లలో చాలామందికి నలభై దాటింది. మొదటి ఉద్యోగం దగ్గర పడిన దెబ్బ అంత దూరం వస్తుంది.

ఇక సీట్ల సంగతి. పని దొరకనప్పుడు జనం చదువు వైపు వెళ్తారు. అమెరికాలో 2007లో కాలేజీ విద్యార్థులు సుమారు 1 కోటి 82 లక్షల మంది, 2010 నాటికి దాదాపు 2 కోట్ల 10 లక్షల మంది అయ్యారు. సరిగ్గా అదే సమయంలో అక్కడి రాష్ట్రాలు కాలేజీలకిచ్చే నిధులు తగ్గించాయి, ఫీజులు పెరిగాయి. ఇంగ్లండ్‌లో కూడా పొదుపు పేరుతో 2012లో ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు, అంటే దాదాపు మూడింతలకు పెంచారు. మీ శాఖ బడ్జెట్‌లోనూ కోతలు పెట్టమని ఒత్తిడి వచ్చే ఉంటుంది. దయచేసి ఆ కోత సీట్ల మీద, ఫీజుల మీద పడనివ్వకండి.

ఉద్యోగం పోయిన పెద్దవాళ్ల గురించి కూడా ఆలోచించండి. నిరుద్యోగ భృతి తీసుకుంటున్నవాళ్లు పూర్తికాలం కోర్సులో చేరితే భృతి ఆగిపోతుందంటే ఎవరు చేరతారు? స్వీడన్ 1997 నుంచి 2002 వరకు నడిపిన వయోజన విద్యా కార్యక్రమంలో, పాఠశాల చదువు సగంలో ఆగిపోయిన నిరుద్యోగులకు భృతితో సమానమైన ఉపకార వేతనం ఇచ్చి చదివించింది. పిల్లలున్న ఇంట్లో అమ్మో నాన్నో మళ్లీ పుస్తకం పట్టాలంటే ఆ మాత్రం ఆధారం ఉండాలి.

పై చదువు అందరికీ మందు కాదని నాకు తెలుసు. ఏం చేయాలో తోచక చేరినవాళ్లను నా క్లాసులోనే చూశాను. పైగా ఇలాంటి రోజుల్లోనే "గ్యారంటీ ఉద్యోగం" అని ప్రకటనలిచ్చే సంస్థలు పుట్టుకొస్తాయి. అందుకే ప్రతి కోర్సులో చేరినవాళ్లెందరు, పూర్తి చేసినవాళ్లెందరు, ఏడాది తర్వాత పనిలో ఉన్నవాళ్లెందరు అన్న వివరాలను మీ శాఖే సేకరించి అడ్మిషన్లకు ముందే బయటపెట్టాలి. నా విద్యార్థులకు అంకెలు చదవడం నేర్పాను. అంకెలు కనపడితే నిర్ణయం వాళ్లే తీసుకోగలరు.

మా నాన్న సంతకం పెట్టిన అప్పు తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈ ఏడాది పీజీ దరఖాస్తుల గడువు ఇంకా ముగియలేదు. అప్పు తీర్చడం జీతం వచ్చాకే మొదలవుతుందని మీరు ఈలోగా ప్రకటిస్తే, క్లాసు అయ్యాక ఆగే పిల్లలకు నేను వెంటనే చేరమని చెప్తాను.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు