వార్షిక నివేదిక 2025: ఐలా దీవి పొగ వెంట మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

జనవరి సమావేశంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. "నెలకో విస్కీ సీసా తెరుస్తున్నాం, బాగుందంటున్నాం, ఇళ్ళకి వెళ్ళిపోతున్నాం. అసలు ఈ పొగ వాసన ఇందులోకి ఎలా వస్తుందో మనలో ఎవరికి తెలుసు?" ఆ రోజు ఒకరు సముద్రపు గాలి అన్నారు, ఇంకొకరు నీళ్ళు అన్నారు, మరొకరు పీపాలు కాలుస్తారు కదా అన్నారు. అందుకే ఈ ఏడాదంతా ఒకే చోటుకి ఇచ్చాం. స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న ఐలా దీవికి. అక్కడ ఉండేది మూడు వేల పైచిలుకు జనం. పనిచేస్తున్న డిస్టిలరీలు, అంటే విస్కీ కాచే కర్మాగారాలు, మాత్రం తొమ్మిదికి పైనే.

గ్లాస్గో, ఎడిన్‌బరో చుట్టుపక్కల ఉండే మనలాంటి తెలుగువాళ్ళకి ఇదొక అదృష్టం. లోకమంతా సీసాలో చూసేదాన్ని మనం ఒక్కపూట ప్రయాణం చేసి కళ్ళారా చూడగలం.

నెలవారీ సమావేశాలు

ఫిబ్రవరిలో సీసా తెరవలేదు. పీట్ గురించే మాట్లాడుకున్నాం. చిత్తడి నేలలో నాచు, గడ్డి, తుప్పల వేళ్ళు నీళ్ళలో నాని, గాలి తగలక పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన నల్లమట్టే పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్ళ కిందటి మొక్కలు చేతికొస్తాయి. దాన్ని ఇటుకల్లా కోసి, గాలికి ఆరబెట్టి, మన ఊళ్ళలో పిడకలు పేర్చినట్టే పేరుస్తారు. చెట్లు తక్కువున్న దీవి కాబట్టి ఒకప్పుడు ఇళ్ళలో వంటకీ, చలికాచుకోవడానికీ అదే దిక్కు. విస్కీకి పొగ అబ్బింది రుచి కోసం కాదు, వేరే వంటచెరకు లేకే.

పొగ పట్టేది ఒకే ఒక్క దశలో. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక పూర్తిగా ఎదిగితే గింజలోని పిండిపదార్థాన్ని అదే తినేస్తుంది. అందుకని వేడిగాలితో ఆరబెట్టి ఆపేస్తారు. ఆ ఆరబెట్టే పొయ్యిలో పీట్ కాలిస్తే, తడిగా ఉన్న గింజ పొగలోని ఫినాల్స్ అనే పదార్థాలను పట్టుకుంటుంది. గింజ ఆరిపోయాక ఎంత పొగ పెట్టినా పెద్దగా అంటదు. ఐలాలోని లఫ్రోయిగ్ డిస్టిలరీ విస్కీ వాసన చూసిన ప్రతి తెలుగువాడూ "ఇదేంటి, ఆసుపత్రి ఫినాయిల్ వాసన" అంటాడు. ఆ మాట నిజం. ఫినాయిల్లో ఉండే కుటుంబమే ఇక్కడా ఉంది.

మార్చి సమావేశం ఈ ఏడాదికే గుండెకాయ అని నా అభిప్రాయం. పేర్లు కప్పేసి రెండు గ్లాసులు పెట్టాం. ఒకటి కాలీలా 12 ఏళ్ళది, రెండోది లగవూలిన్ 16 ఏళ్ళది. రెండూ 43 శాతం ఆల్కహాలే. మొదటిది తేలిగ్గా, నిమ్మతొక్క కాల్చినట్టుందని అందరూ అన్నారు. రెండోది చిక్కగా, హోమం అయిపోయాక గదిలో మిగిలే వాసనలా ఉందన్నారు. దేంట్లో పొగ ఎక్కువని అడిగితే దాదాపు అన్ని చేతులూ రెండోదానికే లేచాయి. తీరా చూస్తే రెండు డిస్టిలరీలకీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, వచ్చేది ఐలాలోని రేవు ఊరు పోర్ట్ ఎలెన్‌లో దాన్ని తయారుచేసే ఒకే మాల్టింగ్ నుంచి. గింజలో ఫినాల్స్ కూడా రెండింటికీ సుమారు 35 పీపీఎమ్మే (పది లక్షల్లో 35 వంతులు).

తేడా అంతా స్టిల్ దగ్గర, అంటే విస్కీ కాచే రాగి పాత్ర దగ్గర. కాలీలాలో రాగి స్టిల్స్ పెద్దవి, వాటిని పూర్తిగా నింపరు. ఆవిరి పైకి వెళ్ళి, రాగిని తాకి, మళ్ళీ కిందికి జారి, ఇంకోసారి లేస్తుంది. బరువైన పదార్థాలు చాలావరకు వెనకే ఉండిపోతాయి. లగవూలిన్‌లో స్టిల్స్ బేరిపండు ఆకారంలో ఉంటాయి. వాటిని దాదాపు అంచుదాకా నింపి, నెమ్మదిగా కాస్తారు. పైగా ఫినాల్స్ ఎక్కువగా వచ్చేది కాచడం చివర్లో. ఎప్పుడు ఆపాలో పనివాళ్ళు నిర్ణయిస్తారు. లగవూలిన్‌లో ఆలస్యంగా ఆపుతారు కాబట్టి ఆ చివరి పొగ కూడా పీపాలోకి వెళుతుంది. ఆపైన వయసు తేడా ఉండనే ఉంది. సారా కాచే బట్టీ చూసినవాళ్ళకి మొదటి చుక్క, నడిమి చుక్క, చివరి చుక్క వేరని చెప్పక్కర్లేదు. ఇక్కడా అదే విద్య, ఎంతో జాగ్రత్తతో.

అందుకే మన సభ్యులకు నా మనవి. పీపీఎమ్ అంకె చూసి సీసా కొనకండి. ఆ అంకె గింజది, గ్లాసుది కాదు. ఐలాలోని మిగతా డిస్టిలరీల్లో బోమోర్ మాల్ట్ సుమారు 25, ఆర్డ్‌బెగ్‌ది సుమారు 55. బ్రుక్‌లాడీ వాళ్ళ ఆక్టోమోర్‌లో ఒక విడుదలకి వాడిన మాల్ట్ 309 దాకా వెళ్ళింది. అయినా ఆక్టోమోర్ తాగిన మనవాళ్ళు అది ఆర్డ్‌బెగ్‌కి ఐదారు రెట్లు పొగగా ఉందని ఒక్కరూ అనలేదు. ఇంకో సంగతి, ఐలా అంటే పొగ ఒక్కటే కాదు. బ్రుక్‌లాడీ పేరుతోనే వచ్చే విస్కీకి పొగ పెట్టరు. బునహావన్‌లోనూ ఎక్కువ భాగం పొగ లేనిదే.

మేలో నీళ్ళ చుక్కలతో ఒక ప్రయోగం చేశాం. విస్కీలో కొద్దిగా నీళ్ళు కలిపితే పొగ వాసన పైకి తేలుతుందని చాలామంది అంటారు. 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో దీన్ని పరిశీలించారు. ఆల్కహాల్ శాతం తగ్గినప్పుడు గ్వాయకోల్ అనే పొగ పదార్థం ద్రవం పైపొరకు చేరుతుందని తేలింది. మన ముక్కులూ అదే చెప్పాయి.

తిండి విషయం క్లుప్తంగా. కారం తగ్గించిన రొయ్యల వేపుడు బాగా కుదిరింది. బెల్లం అరిసె ఊహించనంత బాగా కుదిరింది. గోంగూర అసలు కుదరలేదు. పులుపు ముందు విస్కీ చేదుగా మారిపోయింది.

జూలైలో అమృత్ పీటెడ్ తెరిచాం. బెంగళూరు అమృత్ వాళ్ళు తమ సింగిల్ మాల్ట్‌ని (ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతోనే చేసిన విస్కీని) 2004లో మొట్టమొదట విడుదల చేసింది మన గ్లాస్గోలోనే. పొగపెట్టిన బార్లీ స్కాట్లండ్ నుంచి వెళుతుంది. పీపాలు మాత్రం బెంగళూరు ఎండలో పండుతాయి. స్కాట్లండ్‌లో పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరవుతుంది. బెంగళూరులో దానికి ఎన్నో రెట్లు పోతుంది. కాబట్టి ఇక్కడ పన్నెండేళ్ళు పట్టే పని అక్కడ నాలుగైదేళ్ళలో దగ్గరికొస్తుంది.

సెప్టెంబరు ప్రయాణం

మే నెలాఖరులో జరిగే ఫేష్ ఈలా అనే ఐలా విస్కీ ఉత్సవాలప్పుడు గదులు దొరకవు. అందుకని సెప్టెంబరు ఎంచుకున్నాం. కెనక్రేగ్ రేవు నుంచి ఫెర్రీలో రెండు గంటలకు పైగా ప్రయాణం. పోర్ట్ ఎలెన్ దగ్గర పడుతుంటే ఒడ్డున తెల్లటి గోడల మీద పెద్ద నల్ల అక్షరాలతో డిస్టిలరీల పేర్లు కనిపించాయి. అందరూ డెక్ మీదికి వచ్చేశారు.

పోర్ట్ ఎలెన్ నుంచి లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ మీదుగా సుమారు మూడు మైళ్ళ కాలిబాట ఉంది. మేం నడిచే తిరిగాం. స్కాట్లండ్‌లో తాగి బండి నడపడానికి పరిమితి బ్రిటన్‌లో మిగతా చోట్ల కంటే తక్కువ. ఈ విషయంలో మన సంఘం ఏ మినహాయింపూ ఇవ్వదు. కారు తోలినవాళ్ళకి డిస్టిలరీలు చిన్న సీసాల్లో పోసి ఇచ్చాయి, ఇంటికెళ్ళి రుచి చూసుకున్నారు. తాగని సభ్యులు కూడా అంతా చూశారు, వాసనలు అందరికంటే బాగా పట్టారు.

లఫ్రోయిగ్‌లో ఇప్పటికీ కొంత బార్లీని నేలమీద పరిచి, చేత్తో తిరగేసి మొలకెత్తిస్తారు. పొయ్యి తలుపు తీసినప్పుడు ఆ పొగ మా చొక్కాలకు పట్టి ఇంటిదాకా వచ్చింది. అక్కడ విన్నవాటిలో నాకు బాగా నచ్చింది బెస్సీ విలియమ్సన్ సంగతి. 1934లో వేసవి సెలవులకి టైపిస్టుగా వచ్చిన అమ్మాయి. యజమాని ఇయన్ హంటర్ 1954లో చనిపోతూ డిస్టిలరీని ఆమెకే వదిలివెళ్ళారు. ఆ తరువాత ఏళ్ళతరబడి ఆమే నడిపింది. మనతో వచ్చిన ఆడపిల్లలు ఆమె ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు.

ఆర్డ్‌బెగ్ దగ్గర మనసు కాస్త బరువెక్కింది. 1981లో మూసేశారు. 1989లో కొద్దిగా తెరిచి, 1996లో మళ్ళీ ఆపేశారు. 1997లో గ్లెన్‌మోరంజీ విస్కీ కంపెనీ కొన్నాక గానీ ఊపిరి రాలేదు. బ్రుక్‌లాడీ 1994లో ఆగి 2001లో తిరిగి మొదలైంది. పోర్ట్ ఎలెన్ డిస్టిలరీ సంగతి మరీను. 1983లో మూతపడి, 2024లో తెరుచుకుంది. నలభై ఏళ్ళు! ఇది బట్టల మిల్లు లాంటిది కాదు, తెరిచిన మర్నాడు సరుకు రాదు. మూసిన ప్రతి సంవత్సరం పదేళ్ళ తరువాత పీపాల వరుసలో ఖాళీగా కనిపిస్తుంది. చిన్న దీవిలో ఒక డిస్టిలరీ ఆగిందంటే బడిలో పిల్లలు తగ్గుతారు, దుకాణం మూతపడుతుంది. చెరకు ఫ్యాక్టరీ మూతపడిన ఊళ్ళ నుంచి వచ్చిన మన సభ్యులకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బోమోర్‌లో డిస్టిలరీ వృథా వేడితోనే ఊరి ఈతకొలను నీళ్ళు వేడెక్కుతాయి. అక్కడ పిల్లలు ఈత కొడుతుంటే చూసి అందరం సంతోషించాం. 2005లో మొదలైన కిల్‌హోమన్‌లో సొంత పొలంలో బార్లీ పండిస్తారు. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు అక్కడి నుంచి ఓ పట్టాన కదల్లేదు.

తిరుగు రోజు గాలి ఎక్కువై ఫెర్రీ రద్దయింది. పిల్లలున్నవాళ్ళు చాలా టెన్షన్ పడ్డారు. ఒక రాత్రి అదనంగా ఉండాల్సి వచ్చింది. ఆ గదుల ఖర్చు సంఘం నిధి నుంచే ఇచ్చాం. ఇకపై ప్రయాణాలకి చివర్లో ఒక రోజు ఖాళీ పెట్టుకోవాలని కమిటీ తీర్మానించింది.

ఖాతాలు

లెక్కలు విడిగా పంపాం. చందా పెంచడం లేదు. సీసాల ధరలు పెరిగినందువల్ల పాతికేళ్ళవి, అరుదైనవి కొనడం మానేశాం, దానివల్ల సమావేశాలకి లోటేమీ రాలేదు. ఇండియాలో ధర తగ్గుతుందా అని చాలామంది అడుగుతున్నారు. జూలైలో సంతకాలైన భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద 150 శాతం సుంకం మొదట 75కి, పదేళ్ళలో 40కి తగ్గాలి. రాష్ట్రాల పన్నులు వేరు. కాబట్టి హైదరాబాద్, విజయవాడ షాపుల్లో ధర అంతే నిష్పత్తిలో తగ్గుతుందనుకోకండి.

వచ్చే ఏడాది

రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి స్కై దీవిలో 1830 నుంచి ఉన్న టాలిస్కర్ డిస్టిలరీ. రెండోది స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లోని హైలాండ్ పార్క్ డిస్టిలరీ. ఆర్క్‌నీలో చెట్లు లేనట్టే, అక్కడి పీట్ నిండా హెదర్ తుప్పలే. దాని పొగ ఐలా పొగలా ఘాటుగా ఉండదు, సాంబ్రాణికి దగ్గరగా ఉంటుంది. నా ఓటు ఆర్క్‌నీకే. కానీ దూరం, ఖర్చు ఎక్కువ. సర్వసభ్య సమావేశానికి వచ్చి చేతులెత్తండి. లగవూలిన్ సీసాలో కొంచెం మిగిలింది, ఆ రోజు అదీ తెస్తాను.

— కార్యదర్శి