తలటార్చి బ్యాటరీ పేలుడు: మీ జవాబుపై ఫిర్యాదు

కళ్యాణదుర్గం,
అనంతపురం జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

వేరుశనగ చేనిమీద అడవి పందులు పడుతుంటే, రాత్రి కాపలాకని మీ కంపెనీ తలటార్చి కొన్నాం. పోయిన వారం ఇంట్లో చార్జింగ్‌లో ఉండగా అందులోని బ్యాటరీ సెల్లు బుసకొట్టి పేలింది. చాప కాలింది, గోడ మసిబారింది. ఆ గదిలోనే పడుకున్న మా నాయన బయటికి పరుగెత్తాడు కాబట్టి సరిపోయింది.

ఫోన్ చార్జర్ వాడారు గనక బాధ్యత మాది కాదని మీవాళ్లు రాశారు. మరి మీరు డబ్బాలో ఇచ్చిందేమిటి? టార్చి, సెల్లు, ఒక కేబుల్. చార్జర్ లేదు, ఫలానాదే వాడాలన్న హెచ్చరికా లేదు. ఆ కేబుల్‌ను ఫోన్ చార్జర్‌కు కాక ఇంక దేనికి పెట్టాలి? మామూలు ఫోన్ చార్జర్ ఇచ్చేది 5 వోల్టులు. ఈ లిథియం సెల్లు 4.2 వోల్టులు దాటితే ప్రమాదం. అలా దాటకుండా చూసుకోవాల్సింది టార్చిలోని సర్క్యూట్. అది మీరు పెట్టిందే.

సెల్లు తయారుచేసేది తాము కాదని, బయట కొంటామని ఫోన్‌లో మీవాళ్లది ఇంకో మాట. మేమైతే దాన్ని విడిగా కొనలేదు, మీ డబ్బాలోనే వచ్చింది. దానిమీద కెపాసిటీ (ఎంత చార్జి పట్టేదీ) 9,900 ఎంఏహెచ్ అని అచ్చేశారు. 18650 అనే ఆ సెల్లు సైజులో మంచి కంపెనీల సెల్లులకే 3,500 దాటడం గగనం. ఇది మా ఊరి మొబైల్ రిపేరు కుర్రాడికి చూడగానే తెలిసింది. మీ దగ్గర ఎవరికీ తెలియలేదా? బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు కూడా లేదు.

పైగా ఇది తలకు కట్టుకునే వస్తువు. బ్యాటరీ పెట్టె తల వెనకే ఉంటుంది.

టార్చి డబ్బు, జరిగిన నష్టం చెల్లించండి. అలాంటిదే ఇంకోటి పంపుతామంటే మాకొద్దు. ఆ సెల్లు ఎవరు సరఫరా చేశారో రాతపూర్వకంగా చెప్పండి. అదే రకం కొన్నవాళ్లందరినీ వాడొద్దని హెచ్చరించండి. అన్నిటికంటే ఇదే ముందు చేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపానికే కాదు, తగిన హెచ్చరిక ఇవ్వకపోయినా తయారీదారుదే బాధ్యత. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఇంత చిన్న కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు.

కాలిన సెల్లును కొరియర్‌లో పంపమన్నారు. దెబ్బతిన్న లిథియం సెల్లును పార్శిల్ చేయకూడదని మీకే తెలిసి ఉండాలి. ఇసుక పోసిన డబ్బాలో పెట్టి ఇంటి బయట ఉంచాం. మీ మనిషిని పంపితే చూపిస్తాం. బిల్లు, ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు