మంత్రి గారూ, పాటవాళ్లు పోయిన రోజైనా వాళ్ల పాట పూర్తిగా వినిపించండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మీ ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఇది చదివి మీకు చెప్తారన్న ఆశతో రాస్తున్నా. నేను అడిగేది చిన్నదే. సంగీతం వాళ్లు ఎవరైనా పోతే, ఆ సాయంత్రం ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో వాళ్ల సంగీతం ఒక గంటసేపు వేయించండి, మధ్యలో ఎవరూ మాట్లాడకుండా.

2025 మార్చి 9న తిరుపతిలో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు పోయారు. టీటీడీ ఆస్థాన విద్వాంసులు. ఆ రాత్రి చానళ్లు తిప్పుతూ కూర్చున్నా, కింద స్క్రోలింగ్, నాయకుల సంతాపాలు, ఒక పాత ఫొటో, వెనకాల కీర్తన మొదలైంది అనుకునేలోపే దాని మీద యాంకర్ గొంతు పడిపోయింది. ప్రముఖ గాయకుడు ఇక లేరు అన్నారు, తర్వాతి వార్తకి వెళ్లిపోయారు. ఆయన గాయకుడే, కానీ అసలు చెప్పాల్సింది అది కాదు కదా సార్. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి, వాటి మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు మాత్రం లేవు. అంటే ఇవాళ మనం పొద్దున్నే వినే వరసలు దాదాపు అన్నీ మన కాలంలోనే ఎవరో ఒకరు కూర్చుని కట్టినవి. బాలకృష్ణప్రసాద్ గారు 600కి పైగా సంకీర్తనలకు అలా వరసలు కట్టారు. "వినరో భాగ్యము విష్ణుకథ" ఆయన కట్టిన వరసే. గుళ్లో మైకులో వినేవాళ్లు, అమెరికాలో పిల్లలకి మ్యూజిక్ క్లాసులో నేర్పించేవాళ్లు చాలామంది ఆ వరస కూడా అన్నమయ్యదే అనుకుంటారు, అంతగా కలిసిపోయింది. ఆ మనిషి పోయిన రోజున ఈ ఒక్క ముక్క జనానికి చెప్పి ఆ కీర్తన చివరి చరణం దాకా వేసుంటే ఎంత బాగుండేది!

వాణీ జయరాం గారి విషయం తల్చుకుంటే ఇంకా బాధ. 2023 ఫిబ్రవరి 4న చెన్నైలో ఇంట్లో పోయారు, పద్మభూషణ్ ప్రకటించి పట్టుమని రెండు వారాలు కూడా కాలేదు. రోజంతా తలకి దెబ్బ, పోలీసులు, అనుమానాలు. ఆవిడకి వచ్చిన మూడు జాతీయ అవార్డుల్లో రెండు తెలుగు పాటలకే వచ్చాయని నేను చూసిన ఏ చర్చలోనూ రాలేదు. తబలా విద్వాంసులు జాకీర్ హుస్సేన్ గారికైతే ఇంకా ఘోరం జరిగింది, 2024 డిసెంబర్ 15 రాత్రే చాలా చోట్ల పోయారని వేసేశారు, ఇంకోపక్క ఆయన కుటుంబం వాళ్లు ఆయన ఇంకా ప్రాణాలతోనే ఉన్నారు, ప్రార్థన చెయ్యండి అని చెప్పుకోవాల్సి వచ్చింది. తెల్లారేసరికి నిజంగానే పోయారు. ఎవరు ముందు వేస్తారన్న పందెంలో ఆ తబలా ఎవరికి వినపడుతుంది?

అదే వారంలో డిసెంబర్ 19న వరంగల్లు జిల్లా మొగిలయ్య గారు పోయారు, బలగం మొగిలయ్య అంటేనే అందరికీ తెలుసు. బలగం అనే ఆ ఒక్క సినిమా చివర్లో ఆయనా భార్య కొమురమ్మ గారూ పాడిన పాట ఊరూరా జనాన్ని ఏడిపించింది, ఆయన పేరు నిలబడింది, అందుకు ఆ సినిమా వాళ్లకి దండం పెట్టాలి. కానీ ఆయన పోయిన రోజున చూపించింది ఆ ఒక్క పాట ముక్క, డయాలసిస్ బెడ్ వీడియో, అంతే. సినిమాకి ముందు అన్నేళ్లు ఊళ్లు తిరిగి ఇద్దరూ చెప్పిన కథలేంటి, ఒక కథ ఎంతసేపు సాగేది, ఆయన ఎత్తుకుంటే ఆవిడ ఎక్కడ అందుకునేది, ఎవరూ అడగలేదు.

సినిమా కూడా తోడు లేనివాళ్ల సంగతి చెప్తా. సకిని రామచంద్రయ్య గారని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర ఉండేవారు. డోలు కొడుతూ కోయవాళ్ల ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మ చరిత్ర పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో పోయారు. పేపర్లో వచ్చింది పద్మశ్రీ గ్రహీత కన్నుమూత అని, పక్కన రాష్ట్రపతి చేతుల మీదుగా అవార్డు తీసుకుంటున్న ఫొటో. నోటి నుంచి నోటికి వచ్చిన చరిత్ర అది, పాడే మనిషి పోతే దాంట్లో ఎంత పోయిందో ఆ వార్త చదివినవాడికి ఎలా తెలుస్తుంది? కొత్తగూడెంలో మీ ఆకాశవాణి కేంద్రం ఉంది సార్. అలాంటి మనిషి పోయిన సాయంత్రం ఆ కేంద్రం నుంచి ఆ డోలు ఒక గంట మోగాలి, వింటున్న కోయ పిల్లలకి మా తాత గొంతు రేడియోలో వస్తోంది అనిపించాలి.

ప్రైవేటు చానళ్లని మీరు కట్టడి చెయ్యాలని నేను అడగట్లేదు, చెయ్యకూడదు కూడా. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నా. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 నుంచి ఉంది, బాలమురళీకృష్ణ గారు పనిచేసిన కేంద్రం, భక్తిరంజని వినే మా అమ్మమ్మలు పొద్దున్న పనులు చేసుకున్నారు. ఆడిషన్ పెట్టి కళాకారులకి బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఇచ్చింది మీ వాళ్లే, కాంట్రాక్టు పంపింది మీ వాళ్లే, చెక్కు రాసింది మీ వాళ్లే. కాబట్టి ఫలానా ఊళ్లో నాదస్వరం విద్వాంసుడు పోయాడంటే ఆయన ఎవరో చానళ్లకి తెలియకపోవచ్చు గానీ ఆకాశవాణి కేంద్రానికి తెలియకుండా ఉండదు. నాయకులు పోతే రేడియోలో మామూలు ప్రోగ్రాములు ఆపేసి వీణో సారంగో షెహనాయో వేసేవాళ్లు, అది మా తరానికి బాగా గుర్తు, ఆ వాయిద్యం వినపడగానే ఎవరో పెద్ద నాయకుడు పోయారని ఇంట్లో అందరికీ అర్థమయ్యేది. ఆ వీణ వాయించినాయన పోయినప్పుడు కూడా ఆ మర్యాద దక్కాలి అంటున్నా. లతా మంగేష్కర్ గారికి రెండు రోజుల జాతీయ సంతాపం పాటించారు, సంతోషం, అంత ఎత్తున అందరికీ కుదరదు, ఒక గంట కుదురుతుంది.

ఆకాశవాణి, దూరదర్శన్‌లని నడిపే ప్రసార భారతి స్వతంత్ర సంస్థ, మేం జోక్యం చేసుకోం అని జవాబు రావచ్చు. ఏ పాట వెయ్యాలో మీరు చెప్పొద్దు సార్, ఆ గంట ఉండాలన్న మాట మీరు వాళ్లతో మాట్లాడండి, డబ్బులు మీ శాఖ నుంచే కదా వెళ్లేది. హక్కుల ఇబ్బంది ఉంటే కళాకారులు బతికుండగానే వాళ్ల దగ్గర సంతకం తీసుకుని, వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి పెట్టుకోండి. ఆ రోజు వేసిన రికార్డింగ్‌ని అదే రాత్రి యూట్యూబ్‌లో పెట్టి, చానళ్లు ఆకాశవాణి కేంద్రం పేరు వేసి ఉచితంగా వాడుకోవచ్చని చెప్పండి. చానళ్లలో కూడా మంచి పిల్లలున్నారు, రాత్రిపూట డెస్క్‌లో కూర్చుని బొమ్మ కోసం, గొంతు కోసం వెతుక్కుంటుంటారు, దొరికితే వాళ్లే వేస్తారు. ఇంకోటి, వేసేటప్పుడు అనౌన్సర్ ఎవరు పాడారో చెప్పి ఊరుకోకుండా వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ సంవత్సరం రికార్డింగ్ అన్నది కూడా చెప్పాలి, పక్క వాయిద్యం వాళ్లు పోయినప్పుడు కూడా ఇదే గంట ఇవ్వాలి.

విజయవాడ, హైదరాబాద్, తిరుపతి, కొత్తగూడెం, ఈ నాలుగు కేంద్రాలతో మొదలుపెట్టినా చాలు. జవాబు ఏ భాషలో రాసినా చదివించుకుంటా, కానీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో అందులో రాయండి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక రేడియో శ్రోత