స్క్రీన్‌షాట్ వద్దు, బొమ్మనే బయటికి తీయండి

సంపాదకులకు,

ఏటా సెప్టెంబరు నెలాఖరుకు 1908 నాటి మూసీ వరదల ఫొటోలు పత్రికల్లో, ఫ్లెక్సీల మీద మళ్లీ కనిపిస్తాయి. చాలావాటిలో మొహాలు అలుక్కుపోయి, అఫ్జల్‌గంజ్ వంతెన ఏదో గట్టు ఏదో తెలియదు. పాతవి కదా అని సరిపెట్టుకుంటున్నాం. చాలాసార్లు లోపం ఫొటోది కాదు, పీడీఎఫ్‌లోంచి దాన్ని తీసిన పద్ధతిది.

ఏ4 పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే అడ్డం 2480, నిలువు 3508 పిక్సెళ్లు. అదే పేజీని 1366×768 ల్యాప్‌టాప్ తెర మీద మొత్తం కనిపించేలా పెట్టి స్క్రీన్‌షాట్ కొడితే, నిలువున 768కి మించి రావు. దాన్ని ఫ్లెక్సీకి సాగదీస్తే ఇంకేం మిగులుతుంది?

స్కాన్‌లో పడ్డ బొమ్మ పీడీఎఫ్ లోపల అలాగే ఉంటుంది. పాప్లర్ అనే ఉచిత ప్యాకేజీలోని, కమాండ్ టైపు చేసి నడిపే ‘పీడీఎఫ్‌ఇమేజెస్’ దాన్ని ఉన్నదున్నట్టు తీసిస్తుంది. ముందు ‘లిస్ట్’ ఆప్షన్‌తో నడపాలి. ఏ పేజీలో ఏ బొమ్మ, ఎన్ని పిక్సెళ్లు, ఎంత పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు), ఏ కంప్రెషన్ (సైజు కుదించే పద్ధతి) అన్నది వరుసగా చూపిస్తుంది. తర్వాత ‘ఆల్’ ఇస్తే జేపెగ్ జేపెగ్‌గానే వస్తుంది, మరోసారి నలగదు. ‘ఎఫ్’, ‘ఎల్’ ఆప్షన్లతో మొదటి, చివరి పేజీలు చెప్పకపోతే మాత్రం పుస్తకమంతా ఫోల్డర్‌లో వచ్చి పడుతుంది.

కొన్ని స్కానింగ్ సాఫ్ట్‌వేర్లు పేజీని అడ్డ పట్టీలుగా కోసి దాస్తాయి. ఒక్క ఫొటో పది ముక్కలుగా వస్తుంది. అప్పుడు అదే ప్యాకేజీలోని ‘పీడీఎఫ్‌టుపీపీఎం’కి, లిస్టులో చూపిన పీపీఐ అంకెనే ఇచ్చి పేజీ మొత్తాన్ని పీఎన్‌జీగా తీయాలి. పటాలు, లేఅవుట్ ప్లాన్లు తరచూ వెక్టర్ గీతలుగా (పిక్సెళ్లతో కాక, లెక్కలతో గీసినవిగా) ఉంటాయి కాబట్టి పీడీఎఫ్‌ఇమేజెస్‌కు దొరకవు. వాటికి ‘పీడీఎఫ్‌టుకైరో’తో ఎస్‌వీజీ (వెక్టర్ బొమ్మ ఫైలు) తీసుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలోని పుస్తకాలకైతే పీడీఎఫ్ జోలికి పోకుండా, ఉన్నచోట జేపీ2 జిప్ (పేజీల స్కాన్ బొమ్మలున్న ఫైలు) దించుకోవడమే మేలు.

అయితే స్కాన్‌లోనే పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. గ్రంథాలయాలకు, విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఇదే. ఫొటోలున్న పేజీలను వన్‌బిట్ నలుపు–తెలుపులో స్కాన్ చేయకండి, ఛాయలన్నీ పోయి మొహం సిరామరక అవుతుంది. గ్రేస్కేల్ గానీ కలర్ గానీ, 300 డీపీఐకి తగ్గకుండా ఉండాలి. సైజు తగ్గించడానికి జేబిగ్2 లాసీ పద్ధతి (ఒకేలా కనిపించే అక్షరాలన్నిటికీ ఒకే బొమ్మ వాడేది) అసలే వద్దు. 2013లో ఈ పద్ధతి వాడిన జిరాక్స్ వర్క్‌సెంటర్ స్కాన్లలో 6 కాస్తా 8గా మారుతోందని జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ బయటపెట్టారు. మన భూరికార్డుల్లో సర్వే నంబరు అలా మారితే ఎవరిది బాధ్యత? టిఫ్ మాస్టర్లు (నాణ్యత తగ్గించని అసలు స్కాన్ ఫైళ్లు) భద్రపరిచి, అడిగినవారికి ఇచ్చే ఏర్పాటు కావాలి.

మీరు కూడా బొమ్మ పంపేవారిని అసలు ఫైలు, పుస్తకం పేరు, పేజీ నంబరు అడగండి. వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి.

భవదీయుడు,
ఒక డీటీపీ ఆపరేటర్,
చిక్కడపల్లి, హైదరాబాద్