పదకొండో తరగతి పరిశోధన పత్రం: ప్రశ్న నుంచి వైవా దాకా

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి పదకొండో తరగతి పిల్లలు పరిశోధన పత్రం పని మొదలుపెడుతున్నారు. జనవరి చివరికల్లా ఒక్కొక్కరూ 3,500 మాటలకు మించకుండా పత్రం రాసి, దాని గురించి పది నిమిషాలు మాట్లాడి, టీచర్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ ప్రశ్నలూ జవాబులనే వైవా అంటాం. తొమ్మిదో తరగతికి ఇదే పని 800 మాటల్లో, మూడు ఆధారాలతో ఉంటుంది. బోర్డు పరీక్షలున్నాయి కాబట్టి పదో తరగతికి పెట్టలేదు.

మనందరికీ అలవాటైన ‘ప్రాజెక్టు వర్క్’ వేరు, ఇది వేరు. ప్రాజెక్టులో ఒక విషయం గురించి దొరికిందంతా చేర్చి, ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తారు. పరిశోధన పత్రం ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. దానికి జవాబేమిటో, ఆ జవాబును ఎందుకు నమ్మాలో చూపిస్తుంది. ఇప్పుడు మన దేశంలో నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన ఎంచుకోవచ్చని విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన విధానం చెబుతోంది. అక్కడికి వెళ్లాక తొలిసారి పరిశోధన ప్రశ్న అంటే ఏమిటో నేర్చుకోవడం కష్టం. పదహారేళ్ల వయసులో ఒక్కసారైనా చేసి ఉంటే ఆ భయం ఉండదు.

అసలు కష్టమంతా ప్రశ్న దగ్గరే ఉంటుంది. పిల్లలు మొదటి రోజు తెచ్చేవి ‘సోషల్ మీడియా ప్రభావం’, ‘వాతావరణ మార్పు’, ‘హైదరాబాద్ వరదలు’ లాంటివి. ఇవి విషయాలే తప్ప ప్రశ్నలు కావు. హైదరాబాద్ వరదల్నే తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దగ్గర ఆగితే విషయం కొంత చేతికందుతుంది. ఆ వరద తర్వాత ఏం జరిగిందని అడిగితే ఇంకొంచెం దగ్గరికొస్తుంది. ‘1909లో ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన పనుల్లో 1927 నాటికి ఏవి అమలయ్యాయి, ఏవి ఆగిపోయాయి, ఎందుకు?’ అన్నప్పుడు అది పరిశోధన ప్రశ్న అయింది. అందులో కాలానికి హద్దుంది. వెతకాల్సిన కాగితాలేవో తెలుస్తున్నాయి: ఆయన నివేదిక, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు రికార్డులు, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ జలాశయాల వివరాలు. జవాబు ముందే తెలిసిపోయేదీ కాదు. మీ అబ్బాయి లేదా అమ్మాయి ఇంట్లో తమ ప్రశ్న చెప్పినప్పుడు మీరు మూడు విషయాలు చూడండి. గూగుల్‌లో మొదటి పేజీలోనే జవాబు దొరికేస్తుందా? ‘అవును’, ‘కాదు’ అన్న ఒక్క మాటతో తీరిపోతుందా? దానికి కావాల్సిన ఆధారాలు పదకొండో తరగతి విద్యార్థికి నాలుగు నెలల్లో దొరుకుతాయా? మొదటి రెంటికీ కాదని, మూడోదానికి అవునని జవాబు వస్తే ప్రశ్న నిలబడుతుంది.

ఆధారాలు ఎనిమిది నుంచి పన్నెండు సరిపోతాయి. వాటిలో కనీసం రెండు మూల ఆధారాలు ఉండాలి. అంటే ఆ కాలపు నివేదిక, ప్రభుత్వ గణాంకాలు, ఇంటర్వ్యూ, విద్యార్థి తానే చేసిన కొలత లాంటివి. కనీసం నాలుగింటిని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. గూగుల్ స్కాలర్‌లో కొన్ని వ్యాసాలు, నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పాత పుస్తకాలు, శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. సిద్ధాంత గ్రంథం మొత్తం చదవక్కర్లేదు. చివర ఉన్న గ్రంథసూచి, అంటే వాడిన పుస్తకాల జాబితా, చూస్తే తర్వాత ఎటు వెళ్లాలో తెలిసిపోతుంది. చరిత్ర విషయాలు ఎంచుకున్నవారు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికీ, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కూ వెళ్లాల్సి రావచ్చు. స్కూలు నుంచి లేఖ మేమిస్తాం, తోడుగా మీలో ఒకరు వెళ్లాలి. వికీపీడియా చదవడం తప్పు కాదు, దాన్ని ఆధారంగా చూపడమే తప్పు. అక్కడున్న వాక్యం ఏ పుస్తకం నుంచి వచ్చిందో ఆ పుస్తకం తెరవాలి. 1908 వరదలో చనిపోయినవారు 15,000 అని ఒకచోట, 50,000 అని ఇంకోచోట కనిపిస్తుంది. నచ్చిన అంకె తీసుకుని ముందుకెళ్లకూడదు. ఒక్కో అంకెనూ మొదట ఎవరు, ఏ సందర్భంలో చెప్పారో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ఇలాంటి చిక్కుముడి తగిలిన పిల్లలది అదృష్టమే, పత్రంలో మంచి పేజీలు ఇక్కడే పుడతాయి.

తెలుగు, ఉర్దూ చదవగలిగిన పిల్లలకు ఇంకో మేలుంది. పాత పత్రికలు, తాతమ్మల జ్ఞాపకాలు వాళ్లకు నేరుగా అందుతాయి. పత్రం ఇంగ్లీషులో రాస్తున్నా తెలుగు ఇంటర్వ్యూలోని మాటను తెలుగులోనే ఉంచి, పక్కన అనువాదం ఇవ్వాలి. అనువాదం ఎవరు చేశారో చెప్పాలి. పత్రం మొత్తం తెలుగులో రాస్తామన్నా మాకు సంతోషమే, మార్కుల్లో తేడా ఉండదు.

ఇక నోట్సు సంగతి. ఇది కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే గ్రంథచౌర్యం చాలావరకు ఇక్కడ మొదలవుతుంది. దొంగతనం చేయాలని పిల్లలెవరూ కూర్చోరు. ఆగస్టులో వెబ్‌పేజీ నుంచి నాలుగు వాక్యాలు కాపీ చేసి ఫైల్లో పెట్టుకుంటారు. నవంబరులో తెరిచి చూసినప్పుడు అవి తమ మాటలో, ఎవరి మాటలో గుర్తుండదు. అందుకే నోట్సు పేజీని మూడు భాగాలు చేయమంటున్నాం. ఒకవైపు పుస్తకం పేరు, రచయిత, ఏడాది, పేజీ నంబరు. మధ్యలో ఉన్నదున్నట్టు రాసుకున్న మాటలు, తప్పకుండా కొటేషన్ గుర్తుల్లో, వేరే రంగు సిరాతో. మూడో భాగంలో పుస్తకం మూసేసి తమ మాటల్లో రాసుకున్నది.

మూడో భాగమే కీలకం. ‘ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది, వరదను ఆపడం, నగరానికి తాగునీరివ్వడం దాని లక్ష్యాలు’ అని పుస్తకంలో ఉందనుకోండి. ‘1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ లక్ష్యాలు నగరానికి తాగునీరివ్వడం, వరదను ఆపడం’ అని మాటలు అటూ ఇటూ మార్చి రాస్తే అది సొంత వాక్యం కాదు. ఆధారం చూపకపోతే చౌర్యమే, చూపినా విద్యార్థి ఆలోచన అందులో లేదు. పుస్తకం మూసేసి రాసిన నోట్సు ఇలా ఉంటుంది: ‘వరద ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉంచాలి. తాగునీటికైతే నిండుగా ఉంచాలి. ఒకే కట్టతో రెండు పనులూ ఎలా చేయించారు?’ ఇంత దూరం వచ్చిన విద్యార్థికి పత్రంలో రాయడానికి ఏముందన్న బెంగ ఉండదు.

సర్వే చేస్తామనేవారికి ఒక హెచ్చరిక. వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పంపి, స్పందించిన 12 మందిలో 8 మంది అవునన్నారని ‘66.7 శాతం యువత’ అని రాయకూడదు. ఆ 12 మందీ స్నేహితులే, వాళ్లు యువత మొత్తానికి ప్రతినిధులు కారు. అంత చిన్న సంఖ్యకు శాతాలు అక్కర్లేదు, ‘12 మందిలో 8 మంది’ అంటే చాలు. ‘మొబైల్ వల్ల నిద్ర పాడవుతోందని మీరు ఒప్పుకుంటారా?’ అనే ప్రశ్నలోనే జవాబుంది. అభిప్రాయం అడగడం కన్నా కొలవడం మేలు: ముప్పై మంది విద్యార్థులు వరుసగా ఏడు రోజులు పడుకున్న, లేచిన సమయాలు రాసిపెడితే ఎంతో కొంత నిజం తెలుస్తుంది. ప్రశ్నావళిని ముందు ఐదుగురికిచ్చి, వాళ్లకు ఏ ప్రశ్న అర్థం కాలేదో చూసి సరిదిద్దాలి. పద్దెనిమిదేళ్ల లోపువారిని అడిగితే వాళ్ల తల్లిదండ్రుల సంతకం కావాలి, పత్రంలో పేర్లు రాకూడదు.

దసరా సెలవుల్లో సమాచార సేకరణ పూర్తవ్వాలి. అక్టోబరు చివర్లో ఒక పేజీ నమూనా, నవంబరు చివర్లో మొదటి చిత్తుప్రతి, డిసెంబరు మూడో వారంలో రెండోది. పరిచయానికి 300 మాటలు, ఇతరులు ఇప్పటిదాకా ఏం తేల్చారన్నదానికి 800, పద్ధతికి 300, తాము కనుగొన్నదానికీ దాని విశ్లేషణకూ 1,700, ముగింపుకు 250. పరిచయం చివర్లో రాయమంటాం. ముందే రాస్తే ‘పూర్వకాలం నుంచి మానవుడు నీటిపై ఆధారపడి...’ అని మొదలై, అసలు ప్రశ్న రెండో పేజీకి పోతుంది. ప్రతి పేరాలో ఒక వాదన, దానికి ఆధారం, ఆ ఆధారం వాదనను ఎలా నిలబెడుతోందో ఉండాలి. పిల్లలు ఎక్కువగా వదిలేసేది ఈ మూడోదాన్నే. మీరు ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది: చిత్తుప్రతిలో ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రమే పైకి చదివించండి. కథ వరుసగా అర్థమైతే నిర్మాణం బాగున్నట్టు. ఎక్కడ తెగిందో పిల్లలకే వినబడుతుంది.

ఏఐ పరికరాలపై నియమం ఇది. కష్టమైన పేరాను వివరించమని అడగొచ్చు, అక్షర దోషాలు చూపించుకోవచ్చు. వాక్యాలు రాయించుకోకూడదు. అవి ఇచ్చే ఆధారాల జాబితాను అసలు నమ్మొద్దు. రచయిత పేరు, పత్రిక పేరు నిజంలాగే ఉంటాయి, కానీ ఆ వ్యాసం ఎక్కడా ఉండకపోవచ్చు. తెరిచి చదవని ఆధారం పత్రంలో ఉండకూడదు. ప్రతి ఆధారానికీ పీడీఎఫ్ లేదా ఆ పేజీ ఫొటో ఒక ఫోల్డర్లో దాచమని చెప్పాం. పత్రంలోని మాటలు వేరేచోట ఉన్నవాటితో ఎంత కలుస్తున్నాయో సాఫ్ట్‌వేర్ చూపే పోలిక శాతాన్ని చూసి కంగారు పడకండి. కొటేషన్లు, గ్రంథసూచి కూడా అందులో కలుస్తాయి. ఉన్నత విద్యాసంస్థలకు యూజీసీ 2018లో పెట్టిన నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. మేము మాత్రం శాతంతో ఆగకుండా రంగు పడిన ప్రతి వాక్యాన్నీ చదువుతాం.

‘ఫీజు కట్టండి, వారంలో మీ పిల్లల పత్రం అంతర్జాతీయ జర్నల్లో వేస్తాం’ అనే సందేశాలు వస్తే డబ్బు కట్టకండి. నిజమైన జర్నల్లో నిపుణుల సమీక్షకే నెలలు పడుతుంది. డబ్బు తీసుకుని రాసిపెట్టేవారి దగ్గరికి కూడా వెళ్లొద్దు. ‘ఈ అంకె ఎక్కడిది? నీ జవాబు తప్పని తేలాలంటే ఎలాంటి ఆధారం దొరకాలి?’ అని వైవాలో అడిగినప్పుడు తాను రాయని పత్రం గురించి ఏ విద్యార్థీ మాట్లాడలేరు.

పరిశోధన ప్రశ్న రాసే ఫారాన్ని ఈ లేఖతో పాటు పంపుతున్నాం. అందులో విద్యార్థి ప్రశ్న, తాను వెతకబోయే మొదటి మూడు ఆధారాలు రాసి ఉండాలి. మీరు చదివి సంతకం చేసి ఆగస్టు మొదటి శనివారంలోగా క్లాసు టీచరుకు పంపండి. ప్రశ్న మార్చుకోవాలంటే సెప్టెంబరు 15 దాకా గడువుంది. ఒకసారైనా మార్చుకోని వాళ్లు అరుదు, కాబట్టి మార్పును వైఫల్యంగా చూడకండి. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా స్కూలు లైబ్రరీ తెరిచి ఉంటుంది. గైడ్ టీచర్లు అక్కడే ఉంటారు, మీరూ రావచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు