గోనెసంచి నిండా ఎర్ర ముక్కలు: మా కారును నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

మా శాన్ స్టార్మ్ మళ్లీ రోడ్డెక్కింది. నాలుగు నెలలుగా కనిపించిన ప్రతిసారీ "కారు ఏమైంది?" అని అడిగిన అనంతపురం మిత్రులందరికీ ఇదే నా జవాబు. కబురు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ కారు ఎవరి చేతుల మీదుగా బాగుపడిందో చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. అందరికంటే ఎక్కువ కష్టపడిన మేస్త్రి గారు తన పేరు ఎక్కడా రాయవద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. ఆయన పేరే లేనప్పుడు మిగిలిన వారి పేర్లు రాయడం బాగుండదు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. వారికి తెలుసు, అది చాలు.

శాన్ స్టార్మ్ గురించి వినని వారికి రెండు మాటలు. ఇది మన దేశంలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. బెంగళూరుకు చెందిన శాన్ సంస్థ 1990ల చివర్లో తెచ్చింది. తయారైంది గోవాలో. ఇంజన్ రెనో వారిది, 1,149 సీసీ, 60 హార్స్‌పవర్. ఇప్పుడు మామూలు కుటుంబ కార్లకే అంతకంటే ఎక్కువ బలం ఉంటోంది. అయినా, చాపేసుకుని నేల మీద కూర్చున్నంత కిందుగా కూర్చుని, తెల్లవారుజామున నెత్తిన ఆకాశం తప్ప మరేమీ లేకుండా దీన్ని ఒక్కసారి నడిపిన వారికి ఆ లెక్కలు గుర్తుకు రావు. అమ్ముడైనవి తక్కువ, మిగిలి ఉన్నవి ఇంకా తక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా, దీని ఒళ్లంతా ఫైబర్, అంటే గాజు నారను రెసిన్ అనే జిగురుతో గట్టిపరిచి చేసినది. ఈ కథంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

2009లో, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, మూడేళ్లు దాచుకున్న డబ్బుతో నేను దీన్ని ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని బాగేపల్లి, పెనుకొండ మీదుగా ఇంటికి తెచ్చాను. ఇప్పుడు జాతీయ రహదారి 44 అంటున్నాం కానీ అప్పటికి అది ఇంకా 7. దారి పొడవునా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక మాత్రం "బాగుందమ్మా" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను ఎన్నడూ వినలేదు.

ఈ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, చీకటి పడే వేళ, రాప్తాడు దగ్గర దీపాలు వేయని ఒక వ్యాను ఎదురుదారిలో వచ్చి ఎడమ పక్కను కొట్టింది. మా అబ్బాయి మోచేయి గీరుకుపోయింది, నాకు ఏమీ కాలేదు. దేవుడి దయ. దిగి చూస్తే ఎడమ ఫెండర్, అంటే ముందు చక్రం మీది రెక్క, లేదు. ఇనుప కారైతే సొట్ట పడేది. ఫైబర్‌కు సొట్ట పడదు, పగులుతుంది, చిరుగుతుంది. బంపర్ మూల ఊడిపోయింది. బానెట్ అంచు నార పోగుల్లా చీలింది. హెడ్‌ల్యాంపు గుంతలో నుంచి వైర్లు వేలాడుతున్నాయి. రోడ్డు మీద యాభై అడుగుల మేర ఎర్ర ముక్కలు. నేను ఆ ముక్కల వైపు చూడలేక మొహం తిప్పుకుని నిలబడ్డాను.

నా మొదటి కృతజ్ఞత అక్కడే, ఆ రోడ్డు పక్కన ఉడికించిన వేరుశనగకాయలు అమ్మే పెద్దమ్మకు. నేను ఫోనులో మాట్లాడుతుండగా ఆమె తన గంపను పక్కింటి పిల్లకు అప్పగించి, వచ్చే పోయే లారీల మధ్యలోకి వెళ్లి, గోరంత ముక్క కూడా వదలకుండా ఏరి ఒక గోనెసంచిలో వేసింది. "పెద్దమ్మా, అవి ఇక పనికిరావులే, వదిలెయ్యి" అన్నాను. "పనికొస్తాయో రావో ఇంటికి వెళ్లి చూసుకో తల్లీ. ఇక్కడ పారేసుకుంటే మళ్లీ దొరుకుతాయా?" అని సంచి మూతి కట్టి నా చేతికిచ్చింది. ఆ మాట విలువ నాకు నెల తర్వాత తెలిసింది.

క్రేను తెచ్చిన అబ్బాయికి కూడా నమస్కారం. కొక్కెం తగిలించి ముందు భాగం లేపితే మిగిలిన ఫైబర్ కూడా చీలుతుందని నేను చెప్పకముందే గ్రహించి, చక్రాలకు బెల్టులు వేసి పైకెక్కించాడు.

తర్వాత నెల రోజులు తిరగని చోటు లేదు. ఒక పెద్ద వర్క్‌షాపు వారు కారును కిందికి దించనివ్వకుండానే తుక్కుకు ఇచ్చేయమన్నారు. ఇంకొకరు రేకు ముక్క రివిట్లతో బిగించి పైన మందంగా లప్పం పూసి రంగు వేస్తామన్నారు. విడి భాగాలు దొరకవు, తయారీ ఎప్పుడో ఆగిపోయింది. చివరికి మా కళాశాల బస్సు డ్రైవరు ఒక మాట చెప్పారు: "మేడం, మన బస్సు ముందు భాగం ఫైబరే కదా, అది పగిలినప్పుడల్లా బాగుచేసే మేస్త్రి ఉన్నారు. కారు చేశారో లేదో తెలియదు, కానీ ఆయనకు ఫైబర్ తెలుసు." ఈ డ్రైవరు గారికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

మేస్త్రి గారి షెడ్డులో బస్సుల బంపర్లు, నీళ్ల ట్యాంకులు, ఎయిర్ కూలర్ల డొక్కులు. ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. పగుళ్ల మీద వేలితో తట్టి శబ్దం విన్నారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "ముక్కలు ఉన్నాయా అమ్మా?"

గోనెసంచి గుమ్మరించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. కుడి ఫెండర్ బాగానే ఉంది కదా, దాని అచ్చు తీసి ఎడమది చేయవచ్చు కదా అని నేను అడిగాను. "కుడి కాలి చెప్పుకు అచ్చు తీస్తే ఎడమ కాలి చెప్పు వస్తుందా?" అని ఆయన నోటితో అనలేదు. తన రెండు అరచేతులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించారు, అంతే. అద్దంలో బొమ్మలా రెండూ వ్యతిరేకం. ఎడమ ఫెండర్ వంపు ఈ లోకంలో నాకు అందుబాటులో ఉన్నది ఆ సంచిలో మాత్రమే. రెండు రోజులు ఆయన, ఆయన శిష్యుడు, మా అబ్బాయి నేల మీద కూర్చుని ముక్కకు ముక్క కలిపి, వెనుక టేపు వేసి ఫెండర్‌ను నిలబెట్టారు. అరచేయంత ఒక చోట తప్ప అంతా దొరికింది.

పని మొదలుపెట్టే ముందు ఆయన చెప్పినది యథాతథంగా గుర్తుంది: "లప్పం రంగుకు సాయం చేస్తుంది కానీ బలం ఇవ్వదు. మందంగా పూస్తే ఆరు నెలల్లో పెళ్లలుగా లేస్తుంది. బలం లోపలి వైపు నుంచి రావాలి." పగులు అంచులను రెండు వైపులా ఏటవాలుగా అరగదీశారు, కొత్త పొర పాతదాన్ని వెడల్పుగా పట్టుకోవాలని. లోపలి వైపు మ్యాట్ (గాజు నార పట్టా) ముక్కలు, మొదట చిన్నది, దాని మీద కొంచెం పెద్దది, అలా నాలుగు పొరలు రెసిన్‌తో తడిపి, బుడగ అన్నది మిగలకుండా బ్రష్షుతో పొడుస్తూ అతికించారు. గాలి బుడగ మిగిలిన చోటే మళ్లీ పగులుతుందట. మే నెల మా ఊరి ఎండ మీకు తెలియనిది కాదు. ఆ వేడిలో రెసిన్ డబ్బాలోనే గట్టిపడిపోతుంది. అందుకని దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ తగ్గించి కలిపి, తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడింటికల్లా ఆపేసేవారు. ఆ వేళకు నేను ఫ్లాస్కుతో టీ తీసుకుని వెళ్లేదాన్ని.

అతుకు పూర్తయిన మరునాడే రంగు వేయమని తొందరపెట్టాను. ఆయన ఒప్పుకోలేదు. కొత్త రెసిన్ ఆరుతున్న కొద్దీ ఇంకా కుంచించుకుంటుందని, ఇప్పుడే రంగు వేస్తే తర్వాత మ్యాట్ నార గీతలు రంగు మీద తేలతాయని చెప్పి, కారును మూడు వారాలు ఎండలో నిలబెట్టారు. మనం తిట్టుకునే ఎండను ఆయన అలా పనిలో పెట్టుకున్నారు. ఆ మూడు వారాల్లో ఇంకో పని జరిగింది. పాత రంగు తీయాలి. ఇనుప కారైతే రంగు కరిగించే రసాయనం పూసి గీకేస్తారు, కానీ అది ఫైబర్‌లోని రెసిన్‌ను కూడా తింటుంది. కాబట్టి కారంతా చేత్తోనే, గరుకు కాగితంతోనే. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా అబ్బాయి రోజూ వెళ్లి బకెట్టు నీళ్లు పెట్టుకుని రుద్దాడు. వేలి కొనలు ఒరిసిపోయినా మానలేదు. వాడికి కూడా ఇక్కడ కృతజ్ఞత చెప్పుకోవాలి, చెబుతున్నాను.

పుణెలో ఇదే కారు ఉన్న ఒక పెద్దాయన తన దగ్గర దాచుకున్న ఎడమ హెడ్‌ల్యాంపును దుప్పటిలో చుట్టి పార్సిల్ చేశారు. డబ్బు పంపుతానంటే "కారు నడిచాక ఫోటో పంపండి" అన్నారు. పంపాను. మరొకసారి, బహిరంగంగా, ధన్యవాదాలు సార్.

రంగు కలిపిన కుర్రవాడి ఓపిక గురించి చెప్పకుండా ఉండలేను. పదిహేనేళ్ల ఎండకు మా కారు ఎరుపు వెలిసి ఇటుక రంగులోకి దిగింది. నాకు కావలసింది 2009 నాటి ఎరుపు. అది తలుపు రబ్బరు వెనుక, ఎండ తగలని చోట ఇంకా అలాగే ఉంది. ట్యూబులైటు కింద సరిగ్గా కలిసిన రంగు బయటికి తెస్తే వేరుగా కనిపించేది. అట్టముక్క మీద కొట్టి, ఎండలో చూసి, మళ్లీ లోపలికి వెళ్లి కలపడం. ఏడోసారి అట్టను తలుపు అంచు పక్కన పెడితే గీత కనిపించలేదు. విసుక్కోకుండా ఏడుసార్లు కలిపావు నాయనా, నీ చెయ్యి చల్లగా ఉండాలి.

అప్పటికి ఆషాఢం వచ్చింది. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో మా ప్రాంతంలో ఆషాఢం గాలి తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. ఆ దుమ్ములో రంగు వేయడం అసాధ్యం. మేస్త్రి గారు షెడ్డుకు నాలుగు వైపులా తాటిపత్రి కట్టి, నేలంతా తడిపి, గాలి పడిపోయే వేళ కోసం ఆరు రాత్రులు కాచుకున్నారు. ఆరో రాత్రి మూడు గంటలకు ఫోను చేసి "ఇప్పుడు వేస్తున్నాను అమ్మా, మీరు రావద్దు, ఈ ఆవిరి మంచిది కాదు" అన్నారు. శిష్యుడిని కూడా బయటికి పంపి, ముఖానికి మాస్కు బిగించుకుని ఒక్కరే వేశారు. పొద్దున వెళ్లి చూసినప్పుడు నాకు మాట రాలేదు. నాన్న ఉంటే ఏమనేవారో నాకు తెలుసు.

లెక్క చూసేటప్పుడు ఆయన మిగిలిన రెసిన్ డబ్బాను, దానితోపాటు సామానుకు ఇచ్చిన డబ్బులో మిగిలిన 1,850 రూపాయలను నా చేతిలో పెట్టారు. తర్వాత బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఫెండర్ లోపలి వైపు అతుకులన్నీ నాకు ఒక్కొక్కటే చూపించారు. అక్కడ రంగు లేదు, పాలిషు లేదు. ఏ చూపూ పడని ఆ చోట కూడా పొరల అంచులు నీటుగా, కత్తెరతో కోసినట్టు ఉన్నాయి. మేస్త్రి గారూ, పైన మెరుపు చూసి అందరూ మెచ్చుకుంటున్నారు. నేను మాత్రం ఆ లోపలి వైపుకు దండం పెడుతున్నాను.

ఎవరికైనా ఫైబర్ పని పడితే నన్ను అడగండి, ఆయనను అడిగి దారి చెబుతాను.

పోయిన ఆదివారం అబ్బాయిని తీసుకుని రాప్తాడు వెళ్లాను. గోనెసంచిని ఉతికి, మడిచి, ఒక చీరతో కలిపి పెద్దమ్మకు ఇచ్చాను. ఆమె సంచి చూసి నవ్వి, కారు దగ్గరికి వచ్చి, ఎడమ ఫెండర్ మీద, కుడి ఫెండర్ మీద చెయ్యి వేసి తడిమి, "ఏ పక్కది తల్లీ విరిగింది?" అని అడిగింది. ఒకసారి ఎక్కమన్నాను. ఉన్నవి రెండే సీట్లు. మా అబ్బాయి దిగి ఆమె గంప దగ్గర కూర్చున్నాడు. మేము ఆమె ఊరి దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి వాడు నలభై రూపాయల కాయలు అమ్మాడు.